కోటు గుండీలతో ఎత్తు కొలిచిన ఫొటోగ్రాఫర్

పిల్లల చేత పని చేయించకూడదని ఇప్పుడు ఎవరికీ నచ్చజెప్పక్కర్లేదు. 1900 నాటి అమెరికాలో మాత్రం జనాభా లెక్కల ప్రకారమే 10 నుంచి 15 ఏళ్ల వయసు పిల్లలు 17 లక్షల మందికి పైగా ఏదో ఒక పనిలో ఉన్నారు. ఆ పిల్లలెవరో, ఎలా ఉంటారో జనానికి దగ్గర నుంచి చూపించినవాడు లూయిస్ హైన్.

మనిషి న్యూయార్క్‌లో బడి పంతులు. పాఠాలకు పనికొస్తుందని కెమెరా పట్టి, 1904 ప్రాంతంలో న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలాండ్‌లో దిగే వలస జనాన్ని తీయడం మొదలుపెట్టాడు. 1908లో ఉద్యోగం మానేసి పిల్లల చేత పని మాన్పించాలని పోరాడే నేషనల్ చైల్డ్ లేబర్ కమిటీ తరఫున నూలు మిల్లులు, బొగ్గు గనులు పట్టుకు తిరిగాడు. పిల్లల ఫొటోలు తీస్తానంటే గేటు దగ్గరే ఆపేస్తారు కదా, అందుకని ఒకచోట ఫైర్ ఇన్‌స్పెక్టర్‌నని, ఇంకోచోట బైబిళ్లు అమ్ముతానని చెప్పి లోపల దూరేవాడు. ఫొటోల కన్నా నాకు ఎక్కువ నచ్చేది పిల్లల వయసు అంచనా కట్టడానికి ఆయన వేసిన దొంగచాటు లెక్కలు: కోటు మీద ఏ గుండీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ముందే కొలిచి పెట్టుకుని, పిల్ల పక్కన నిలబడి తల ఏ గుండీ దాకా వచ్చిందో చూసి, జేబులో చెయ్యి పెట్టి లోపలే కాగితం మీద గీకేసేవాడు.

1908 డిసెంబర్‌లో సౌత్ కరోలినాలోని న్యూబెర్రీలో నూలు వడికే యంత్రాల వరస ముందు ఒక చిన్నపిల్లను తీశాడు. ఊరికే అలా వచ్చిందని ఓవర్‌సీయర్ సర్దిచెప్పబోయాడు. హైన్ ఆ మాటను అలాగే ఫొటో కింద రాసి, ఈ మిల్లుల నిండా ‘ఊరికే వచ్చిన’ పిల్లలే కనిపిస్తున్నారని ఒక చురక కూడా అంటించాడు.

పిల్లల పనిని ఆపే చట్టం మాత్రం అంత తేలిగ్గా రాలేదు. 1916లో ఒకటి తెచ్చారు, రెండేళ్లకే సుప్రీంకోర్టు కొట్టేసింది. గట్టిగా నిలబడ్డది 1938లోనే, అదీ ఆర్థిక మాంద్యంలో పెద్దవాళ్లకే పనులు దొరకని రోజులు కావడం వల్ల కూడా. అప్పటికి హైన్‌కే పని లేదు. 1930లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కడుతుంటే ఆ ఎత్తులకు ఎక్కి కూలీలను తీసినవాడే, కొన్నేళ్లకు ప్రభుత్వ ఫొటో విభాగంలో చోటు అడిగితే తీసుకోలేదు. ఇల్లు పోయింది. 1940 నవంబర్‌లో చనిపోయాడు. ఆయన ఫొటోలు ఇస్తామంటే న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం కూడా వద్దంది.

కమిటీ కోసం తీసినవి 5,000కు పైగా ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఆయన రాసిన పేర్లు, వయసులు, ఆ గుండీల లెక్కలతో సహా.