అపోహలు - వాస్తవాలు: మీకున్నది ఏ థైరాయిడ్?

"నాకు థైరాయిడ్ ఉంది డాక్టర్ గారూ" అంటూ వచ్చే ప్రతి ఒక్కరినీ ముందుగా నేను అడిగేది ఒకటే: "ఎక్కువా, తక్కువా అమ్మా?" చాలామందికి తెలియదు. మన ఇళ్లల్లో థైరాయిడ్ అంటే లావెక్కడం, పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకోవడం. అది హైపో, అంటే హార్మోన్ తక్కువ. హైపర్ దానికి పూర్తిగా ఎదురు. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి హార్మోన్ వదులుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. చాలామందిలో కారణం గ్రేవ్స్ వ్యాధి. అందులో మన రోగనిరోధక శక్తే పొరపాటున ఆ గ్రంథిని ఆగనివ్వకుండా తోలుతూ ఉంటుంది.

అపోహ: థైరాయిడ్ మాత్రలన్నీ ఒకటే, అక్క వేసుకునేది నేనూ వేసుకోవచ్చు.

హైపోకి ఇచ్చే థైరాక్సిన్ అంటే హార్మోనే. హైపర్ ఉన్నవాళ్లు అది వేసుకుంటే మండుతున్న పొయ్యిలో ఇంకో కట్టె పెట్టినట్టే. సన్నబడాలని ఎవరినీ అడక్కుండా అది మింగేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, గుండెకీ ఎముకలకీ చేటు.

అపోహ: బరువు తగ్గితే మంచిదేగా. దడ, చిరాకు అంటారా, అవి టెన్షన్ వల్లే.

నా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ మాట నమ్మినవాళ్లే. నాలుగు నెలల్లో జాకెట్లు వదులైపోతాయి. చూసినవాళ్లంతా "ఏం డైట్ చేస్తున్నావ్?" అని మెచ్చుకుంటారు. ఆకలి మాత్రం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. సంక్రాంతి చలిలోనూ ఫ్యాను కావాలి. నాలుగు మెట్లెక్కితే గుండె గొంతులో కొట్టుకుంటుంది. రోజుకి మూడు నాలుగుసార్లు విరేచనం. నెలసరి రెండు చుక్కలతో సరి. నిద్ర ఉండదు, పిల్లల మీద ఊరికే అరుస్తారు. ఇంట్లోవాళ్లేమో "నీకన్నీ టెన్షన్లే" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అప్పుడు నేను ఫ్యాను ఆపించి, చేతులు ముందుకి చాచమంటాను. విడదీసిన వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పెడతాను. గదిలో గాలి లేకపోయినా కాగితం అంచు సన్నగా వణుకుతూనే ఉంటుంది. పక్కన కూర్చున్న భర్తో, అత్తగారో అది చూసి ఇక టెన్షన్ అన్న మాట ఎత్తరు. ఇంకో తేడా కూడా ఉంది. కంగారు వల్ల వచ్చే దడ నిద్రపోతే తగ్గుతుంది. ఇందులో నిద్రలోనూ నాడి పరిగెడుతూనే ఉంటుంది. పెద్ద వయసువాళ్లలో ఇవన్నీ కనపడకపోవచ్చు. ఒట్టి నీరసం, బరువు తగ్గడం, గుండె లయ తప్పడం ఇంతే ఉండొచ్చు.

అపోహ: టీఎస్‌హెచ్ తక్కువ వచ్చిందంటే థైరాయిడ్ తక్కువన్నమాట.

తలకిందులు. టీఎస్‌హెచ్ అనేది మెదడు కింద ఉండే పిట్యూటరీ, పని చెయ్యమని థైరాయిడ్‌కి పంపే కబురు. హార్మోన్ ఎక్కువైతే కబురు ఆగిపోతుంది, అందుకే తగ్గుతుంది. థైరాయిడ్ హార్మోన్లైన టీ3, టీ4 కూడా చూస్తేనే సంగతి తేలుతుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటున్నారా? కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో దానివల్ల లేని హైపర్ ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపి రక్తం ఇవ్వండి. మోతాదు పెద్దదైతే ఇంకా ముందే ఆపాలి. గర్భం తొలినెలల్లో టీఎస్‌హెచ్ కాస్త తగ్గడం సహజం. కాన్పయిన కొన్ని నెలలకి కొందరు బాలింతల్లో గ్రంథి వాచి, నిల్వ ఉన్న హార్మోన్ బయటికి ఒలుకుతుంది. దానికి, హార్మోన్ తయారీని తగ్గించే కార్బిమజోల్ మాత్ర పనిచేయదు, దడ తగ్గించే మాత్ర చాలు.

అపోహ: దడ తగ్గింది, ఇక మాత్రలు ఆపేయొచ్చు.

గ్రేవ్స్‌లో కార్బిమజోల్ సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడాలి. అలా వాడి ఆపినా సుమారు సగం మందికి తిరగబెడుతుంది. ఇది ముందే చెబుతాను, తర్వాత గుండె జారిపోకుండా. ఒక్క విషయం మాత్రం చీటీ మీద ఎర్ర పెన్నుతో రాసిస్తాను: జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే మాత్ర ఆపి, అదే రోజు తెల్లకణాల పరీక్ష చేయించుకోవాలి. కణాలు పడిపోవడం చాలా అరుదు, కానీ పడిపోతే ప్రాణం మీదకొస్తుంది.

అపోహ: రేడియో అయోడిన్ తీసుకుంటే ఇక పిల్లలు పుట్టరు.

రేడియోధార్మిక అయోడిన్‌తో గ్రంథి పనిని తగ్గించే ఈ చికిత్స 1941లో బోస్టన్‌లో మొదలైంది. పిల్లలు పుట్టకుండా చేయదు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి మాత్రం ఇవ్వం. తీసుకున్నాక కనీసం ఆరు నెలలు గర్భం వద్దంటాం. గ్రేవ్స్ వల్ల కళ్లు బాగా ముందుకొచ్చిన వాళ్లకి సమస్య ముదరొచ్చు, కాబట్టి వేరే దారి చూస్తాం. తర్వాత ఎక్కువమందికి హైపో వస్తుంది, జీవితాంతం థైరాక్సిన్ వేసుకోవాలి. అది చికిత్స వికటించినట్టు కాదు, మేము అనుకుని చేసేదే. గ్రంథి బాగా పెద్దదై గొంతుకి అడ్డం పడితే ఆపరేషన్ మేలు.

అపోహ: గర్భం వస్తే మాత్రలు మానేయాలి.

మీ అంతట మీరు మానకండి. అదుపులో లేని హైపర్ వల్ల గర్భస్రావం, నెలలు నిండకముందే కాన్పు, తల్లి గుండెకి ముప్పు. అలాగని కార్బిమజోలే కొనసాగించినా తొలి మూడు నెలల్లో బిడ్డకి అవయవ లోపాల భయం ఉంటుంది. అప్పుడు సాధారణంగా పీటీయూ అనే ఇంకో మాత్రకి మారుస్తాం. అందుకే నెల తప్పిందని అనుమానం రాగానే, స్కానింగ్ దాకా ఆగకుండా, ఫోన్ చెయ్యమంటాను. కాన్పయ్యాక పాలు మాన్పించక్కర్లేదు. తక్కువ మోతాదులో ఉన్నవాళ్లకి, బిడ్డకి పాలిచ్చిన వెంటనే మాత్ర వేసుకోమని చెబుతాను.