హోజరీ టాప్‌కు ఓవర్‌లాక్ మిషన్ తప్పనిసరా? అపోహలు - వాస్తవాలు

జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు ఎంతో పనితనంతో కుట్టేవారు కూడా ఇంట్లో వేసుకోవడానికి హోజరీ బట్టతో, అంటే బనియన్లు, టీషర్టుల్లాంటి సాగే బట్టతో, ఒక టాప్ కుట్టమంటే వెనుకాడతారు. మా టైలరింగ్ తరగతిలో ఈ బట్ట ప్రస్తావన వచ్చిందంటే చాలు, "ఏ ఓవర్‌లాక్ మిషన్ కొనమంటారు మేడం?" అన్న ప్రశ్న వచ్చి తీరుతుంది. వేల రూపాయల ఖర్చు పెట్టించే ఈ అపోహ గురించే ముందు చెప్పాలి.

అపోహ: ఓవర్‌లాక్ మిషన్ లేనిదే హోజరీ బట్ట కుట్టలేము.

వాస్తవం: ఓవర్‌లాక్ మిషన్ చేసే పనులు రెండు. ఒకటి అంచు పీచులు రాకుండా చూడడం, రెండవది సాగే కుట్టు వేయడం. హోజరీ బట్ట మగ్గం మీద నేసినది కాదు, ఉచ్చులుగా అల్లినది కాబట్టి, కత్తిరించిన అంచు చుట్టుకుపోతుందే తప్ప నేత బట్టలాగా పోగులు ఊడిపోదు. కనుక మొదటి పని ఇక్కడ అవసరమే లేదు. రెండవ పనికి జిగ్‌జాగ్ (అటూ ఇటూ వంకరగా పడే కుట్టు) వచ్చే ఏ మిషన్ అయినా సరిపోతుంది. పాలిస్టర్ దారంతో, వెడల్పు 1 మిల్లీమీటరు, పొడవు 2.5 మిల్లీమీటర్లు పెట్టి కుడితే, తల దూర్చేటప్పుడు మెడ ఎంత సాగినా కుట్టు తెగదు. నేరుకుట్టు మాత్రమే ఉన్న పాత నల్ల మిషన్ మీదనైనా, కుట్టు చిన్నది చేసి, బట్టను ముందూ వెనుకా కొద్దిగా బిగించి పట్టుకొని వదులు టాప్ పక్కలు కుట్టుకోవచ్చు; బాగా సాగవలసిన మెడకు మాత్రం వీధి చివర ఫాల్, పీకో దుకాణంలో జిగ్‌జాగ్ వేయించుకుంటే పని పూర్తవుతుంది.

మరి మిషన్ కుట్లు వదిలేస్తోందని, బట్టకు చిల్లులు పడుతున్నాయని అందరూ ఎందుకు వాపోతారు? తప్పు సూదిది. మామూలు సూది మొన పదునుగా ఉండి ఉచ్చులోని పోగును కోసేస్తుంది. కుట్టిన చోటును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే దారం పక్కనే సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. నాలుగు ఉతుకులు పడితే అక్కడి నుంచే ఉచ్చులు జారి నిలువు గీత తేలుతుంది. బాల్ పాయింట్ సూది మొన గుండ్రంగా ఉండడం వల్ల పోగును కోయకుండా పక్కకు జరిపి దిగుతుంది. పలుచని బట్టకు 11, దళసరి బట్టకు 14 నంబరు సూది వాడాలి; లైక్రా (రబ్బరులా సాగే పోగు) ఎక్కువగా ఉన్న బట్టకైతే స్ట్రెచ్ సూది మేలు. ఇంటి మిషన్ సూది కాడ ఒక వైపు చదునుగా, పవర్ మిషన్ సూది కాడ గుండ్రంగా ఉంటాయి కాబట్టి దుకాణానికి పాత సూదిని వెంట తీసుకెళ్లడం మంచిది.

మా తరగతికి వచ్చిన ఒక గృహిణి ఎవరో చెప్పిన మాట నమ్మి, చీటీ పాడిన డబ్బుతో ఓవర్‌లాక్ మిషన్ కొన్నారు. చిల్లులు మాత్రం పోలేదు. "నా చేతికే ఈ పని రాదేమో మేడం" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. చూస్తే కొత్త మిషన్‌లోనూ పదును మొన సూదే ఉంది. దానిని మార్చిన వెంటనే చిల్లులు ఆగిపోయాయి. ఇటువంటి వారి మీద నాకు జాలి కలుగుతుంది గానీ, సూది సంగతి అడగనైనా అడగకుండా మిషన్ మార్చమని సలహాలిచ్చే వారిని చూస్తే ఒళ్లు మండుతుంది.

మిగిలిన అపోహలు చిన్నవి. కొత్త బట్టను ఉతక్కుండా కత్తిరించవచ్చని అనుకోకండి, నూలు హోజరీ మొదటి ఉతుకులోనే పొడవున కుంచించుకుపోతుంది. కుర్తాకు వదిలినంత లూజు దీనికి అవసరం లేదు, బట్ట ఎక్కువగా సాగే వైపు ఒంటి చుట్టూ వచ్చేలా కత్తిరిస్తే ఛాతీ దగ్గర ఒకటి రెండు అంగుళాలు చాలు. మెడ పట్టీని మెడ చుట్టుకొలతకు సమానంగా కోస్తే మెడ జారుతుంది. చుట్టుకొలత 24 అంగుళాలైతే పట్టీ కుట్టు మార్జిన్ కాక సుమారు 20 అంగుళాలు ఉండాలి. పట్టీనీ మెడనూ నాలుగేసి భాగాలుగా గుర్తు పెట్టుకొని, గుర్తుకు గుర్తు కలిపి, మెడను సాగనివ్వకుండా పట్టీని మాత్రమే లాగుతూ కుట్టాలి.