బటన్ నొక్కినాక డబ్బాలో ఏం జరుగుతది?

హనుమకొండ

బిడ్డలారా,

కంప్యూటర్ ఆన్ కాకపోతే బటన్‌ను పదిసార్లు నొక్కుతారు మీరు. అట్ల నొక్కకండి. బటన్ నొక్కిన దగ్గర్నుంచి తెర వెలిగేదాకా లోపల పనులు ఒక వరుసలో నడుస్తయి. ఆ వరుస ఎక్కడ ఆగిందో చూస్తే, చెడింది ఏదో సగం దొరికినట్టే.

మనం సీపీయూ అని పిలిచే డబ్బా నిజానికి సీపీయూ కాదు. అసలు సీపీయూ, అంటే ప్రాసెసర్, లోపల మదర్‌బోర్డు (అన్ని భాగాలను కలిపే పెద్ద సర్క్యూట్ పలక) మీద ఫ్యాను కింద ఉండే చిన్న పలక.

గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా (ఒకే దిక్కున పారే కరెంటుగా) మార్చే పెట్టె ఎస్‌ఎంపీఎస్. బటన్ నొక్కకముందే, ప్లగ్గు పెట్టి స్విచ్ వేస్తే చాలు, ఒక 5 వోల్టుల లైను మదర్‌బోర్డుకు పోతనే ఉంటది. అందుకే ప్లగ్గు పీకకుండా డబ్బాలో చెయ్యి పెట్టొద్దు. బటన్ నొక్కితే మిగతా వోల్టేజీలు లేస్తయి. అవి నిలకడ పడ్డాక ఎస్‌ఎంపీఎస్ ‘కరెంటు సరిగ్గుంది’ అని సైగ పంపుతది. అర సెకను కూడా పట్టదు. ఆ సైగ అందనిదే ప్రాసెసర్ పని మొదలుపెట్టదు. ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోతుంటే ఎస్‌ఎంపీఎస్‌నో, ఎక్కడన్నా షార్ట్ అయ్యిందేమోననో అనుమానించాలె. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ఎన్నడూ విప్పొద్దు. ప్లగ్గు పీకినా దాని కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటది.

ప్రాసెసర్ లేచేసరికి ర్యామ్, అంటే పని నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ, ఖాళీ. ఏం చెయ్యాలో చెప్పేది మదర్‌బోర్డు మీద చిప్పులో ఉన్న బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్. అది ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను, డిస్‌ప్లేను పరీక్షిస్తది. తెర ఇంకా వెలగలేదు కాబట్టి తప్పును బీప్‌లతోనో చిన్న లైటుతోనో చెప్తది. ఏ బీప్‌కు ఏం అర్థమో బోర్డుబోర్డుకు మారుతది, దాని పుస్తకంలో చూడాలె.

ఫ్యాన్లు తిరుగుతున్నా తెర నల్లగనే ఉంటే ముందు చూడాల్సింది ర్యామ్. ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టండి, మిగిలిన కరెంటు పోతది. డబ్బా ఇనుమును ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ (రాపిడికి పుట్టే కరెంటు) చిప్పులకు తగలకుండా. క్లిప్పులు విప్పి ర్యామ్‌ను అంచులు పట్టి తీయండి. బంగారు రంగు కొనలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి బట్టతో తుడవండి. రబ్బరు పొట్టు స్లాటులో పడొద్దు. ర్యామ్ మీది గాటు నడిమధ్యన ఉండదు, ఒక పక్కకు ఉంటది. దాన్ని స్లాటుకు కలిపి, క్లిప్పు ‘టక్’ అనేదాకా నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. వానాకాలం తేమకు ఈ కొనలు మసకబారుతయి, చాలాసార్లు మందు ఇదే.

పరీక్ష దాటితే బయోస్ డిస్క్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను (విండోస్ లాంటిది) వెతికి ర్యామ్‌లోకి ఎక్కిస్తది. ‘బూట్ డివైస్ దొరకలేదు’ అంటే ముందు పెన్ డ్రైవ్ ఏదన్నా పెట్టి మర్చిపోయిన్రా చూడండి, బయోస్ డిస్క్‌కు బదులు దాంట్లో వెతుకుతుండొచ్చు. తేదీ రోజూ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే 3 వోల్టుల సీఆర్2032 సెల్లు మార్చాలె. తేదీ తప్పుంటే చాలా వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు.

బాగానే మొదలై, కొద్దిసేపటికే ఆగిపోతుంటే అది చాలాసార్లు వేడి వల్లనే. మన దిక్కు మే నెల ఎండకు తోడు పత్తి నూగు, దుమ్ము ఫ్యాను రెక్కల్లో పేరుకుంటది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. గిరగిర తిరిగితే బేరింగ్ పాడైతది.