సుంకి ఘాట్‌లో ఒరుసుకునే టైరు

ఒడిశాలోని కోరాపుట్, జయపురం ప్రాంతాల్లో తరాల కిందట స్థిరపడిన తెలుగు కుటుంబాల వాకిళ్లలో అక్కడక్కడా ఇప్పటికీ అంబాసిడర్ కార్లు కనిపిస్తాయి. మా ఇంట్లోనూ ఒకటి ఉంది. ఊళ్లోని చదును రోడ్ల మీద ఎంత తిప్పినా ఏ చప్పుడూ చేయని ఈ కారు, ఆంధ్రలోని సాలూరు వైపు సుంకి ఘాట్ కొండదారి దిగేటప్పుడు కుడి మలుపుల్లో బ్రేకు తొక్కి స్టీరింగును పూర్తిగా తిప్పగానే ముందు ఎడమ చక్రం దగ్గర గరగరమని చప్పుడు చేసేది. దిగి చూస్తే టైరు భుజం మీద, అంటే నేలను తాకే భాగం పక్క గోడను కలిసే అంచు మీద, ఉంగరంలా ఒక గీత, మడ్‌గార్డు లోపల రంగు పోయి మెరుస్తున్న రేకు కనిపించేవి. ఆ రాపిడి ఘాట్‌లోనే ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు జవాబు దొరికితే మరమ్మతు సగం పూర్తయినట్టే.

బ్రేకు తొక్కినప్పుడు బరువు ముందు చక్రాల మీదికి మళ్లుతుంది. ఎంత మళ్లుతుందో లెక్క వేయడం తేలికే. కారు బరువు 1100 కిలోలు, దాని గరిమనాభి నేల నుంచి 0.6 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకుందాం. అంబాసిడర్ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2464 మి.మీ. గురుత్వ త్వరణంలో సగం తీవ్రతతో వేగం తగ్గిస్తే సుమారు 134 కిలోల భారం వెనక నుంచి ముందుకు చేరుతుంది. దానికి తోడు కుడి మలుపులో ఆ భారంలో ఎక్కువ వాటా వెలుపలి చక్రానికి, అంటే ఎడమ చక్రానికి పడుతుంది. సరిగ్గా అదే క్షణంలో స్టీరింగు పూర్తిగా తిరిగి ఉండటం వల్ల టైరు భుజం మడ్‌గార్డుకు అతి చేరువగా వస్తుంది. ఈ మూడూ ఒక్కసారిగా కలిసే చోటు ఘాట్ మలుపు. చదును రోడ్డు మీద 20 మి.మీ. ఖాళీ మిగిలి ఉంటే అక్కడ ఏమీ మిగలదు.

చాలామంది చెప్పే వైద్యం మడ్‌గార్డు అంచును సుత్తితో మడిచేయడం, లేదా కొంత రేకు కోసేయడం. ఇది నాకు బొత్తిగా నచ్చని పని. కోసిన చోట తుప్పు మొదలవుతుంది, అసలు కారణం అలాగే ఉండిపోతుంది. టైరు ఒరుసుకోవడానికి కారు కుంగి ఉండవచ్చు, టైరు పెద్దదై ఉండవచ్చు, ఇరుసు తన స్థానం నుంచి జరిగి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా పనిముట్టు పట్టకూడదు. తేల్చుకోవడానికి కొలత ఒక్కటే దారి.

కొలిచే చోటు సమతలంగా ఉండాలి. ఇళ్లు కట్టే మేస్త్రీలు నీళ్లు నింపిన సన్నని గొట్టంతో మట్టం చూస్తారు కదా, నాలుగు చక్రాలూ నిలిచే చోట్లను అదే గొట్టంతో సరిచూసుకోవచ్చు. చాలామంది నేల నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలుస్తారు. అందులో టైరు ఎత్తు, గాలి ఒత్తిడి రెండూ కలిసిపోతాయి. చక్రం మధ్యబిందువు నుంచి మడ్‌గార్డు అంచు వరకు నిలువుగా కొలిస్తే స్ప్రింగుల పరిస్థితి ఒక్కటే బయటపడుతుంది. జాకీ దించిన వెంటనే మాత్రం కొలవకూడదు. కారు కిందికి దిగేటప్పుడు చక్రాలు కొంచెం పక్కకు కూడా జరగాలి, కాని నేలను పట్టుకున్న టైర్లు జరగనివ్వవు, కారు అబద్ధపు ఎత్తులో నిలిచిపోతుంది. నాలుగు మీటర్లు ముందుకు, వెనక్కు తోసి, రెండు మూడుసార్లు ఊపి కొలవాలి. టైరు ఎక్కడ తగులుతోందో తెలియడానికి మడ్‌గార్డు లోపల తడి సుద్ద పూసి ఒక్కసారి ఘాట్ దిగి వస్తే చాలు, చెరిగిన చోటు స్వయంగా చెబుతుంది.

మా కారులో ముందు ఎడమ పక్క కుడి పక్కకంటే 22 మి.మీ. తక్కువగా ఉంది. దీన్ని చూసి అందరూ అన్న మాట "స్ప్రింగు బలం పోయింది" అని. ఈ మాట ఎంత వాడుకలో ఉన్నా నిజం కాదు. ఉక్కు బిగువును నిర్ణయించే స్థితిస్థాపక గుణకం, మెలితిప్పే దిశలో సుమారు 80 గిగాపాస్కల్‌లు, కారు పాతబడితే తగ్గదు. పోయేది ఆకారం. దశాబ్దాల పాటు అదే భారం మోస్తూ, గుంతల్లో పదేపదే గరిష్ఠ ఒత్తిడికి లోనవుతూ ఉన్న ఉక్కులో కొద్దిపాటి శాశ్వత వంపు మిగిలిపోతుంది. స్ప్రింగు అంతే గట్టిగా ఉంటుంది, కాని మునుపటికంటే కిందనుంచి తన పని మొదలుపెడుతుంది.

ఆ కొద్దిపాటి కుంగుబాటు ఎందుకంత చేటు చేస్తుందో మరో లెక్క చూపిస్తుంది. నిలకడగా ఉన్న ఎత్తు నుంచి రబ్బరు అడ్డుకట్ట తగిలేదాకా చక్రం 70 మి.మీ. పైకి లేవగలదనుకుందాం. కారు 30 మి.మీ. కుంగితే మిగిలేది 40. స్ప్రింగు మింగగల కుదుపు శక్తి ఈ దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక, 4900కు బదులు 1600, అంటే మునుపటిలో మూడో వంతు మాత్రమే. మిగతాదంతా అడ్డుకట్ట మీద, చట్రం మీద, లోపల కూర్చున్నవారి వెన్నెముక మీద పడుతుంది.

అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ నుంచి వచ్చిన అమరికలో ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు ఉండవు. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్ము నుంచి వెనక్కు, చట్రం పొడవునా, టోర్షన్ బార్ అనే తిన్నని ఉక్కు కడ్డీ సాగుతుంది. చక్రం లేస్తే కడ్డీ మెలి తిరుగుతుంది, ఆ మెలికే స్ప్రింగు. కడ్డీ వెనక కొసను ఏ కోణంలో బిగించామన్నదే కారు ఎత్తును తేలుస్తుంది. ఆర్ము పొడవు 250 మి.మీ. అయితే ఒక డిగ్రీ తేడాకు చక్రం దగ్గర 4.4 మి.మీ. మార్పు వస్తుంది. ఇలా తిప్పడం వల్ల ఎత్తే మారుతుంది, బిగువు మారదు. అందుకే కుంగిన కారుకు ఇంతకంటే న్యాయమైన మరమ్మతు లేదు. ఇంత సన్నని కోణాలను పళ్లున్న కొసలతో సాధించే ఉపాయం ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వెనక కడ్డీలో చక్కగా కనిపిస్తుంది. ఒక కొసకు 40 పళ్లు, మరో కొసకు 44. లోపల ఒక పన్ను ముందుకు, బయట ఒక పన్ను వెనక్కు జరిపితే మిగిలే తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు.

కడ్డీని విప్పినవారు కొన్ని జాగ్రత్తలు తప్పక పాటించాలి. మెలిక వల్ల కలిగే ఒత్తిడి కడ్డీ పైపొరలోనే గరిష్ఠంగా ఉంటుంది, నడిమిలో దాదాపు శూన్యం. కాబట్టి పైప్ రెంచి పంటిగాటు, తుప్పు గుంట, గ్యాస్ వెల్డింగ్ మంట తగిలిన మచ్చ, వీటిలో ఏదైనా పగులుకు బీజం కాగలదు. ఇలాంటి కడ్డీలను తయారీలోనే ఒక దిశలో అతిగా మెలితిప్పి సిద్ధం చేస్తారు గనుక ఎడమదాన్ని కుడికి వేయకూడదు. లావు కడ్డీ దొరికిందని మార్చడమూ మంచిది కాదు. బిగువు వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది, పది శాతం లావెక్కితే 46 శాతం గట్టిపడుతుంది.

వెనక చక్రాలకు ఉండే కమాను కట్టల, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగుల, సంగతి కొంచెం వేరు. లారీలకు పేరుపడ్డ సాలూరులో కమాను పని తెలిసినవారికి కొదవ లేదు. వంపు పోయిన పట్టీలను చల్లగానే సుత్తితో కొట్టి మళ్లీ వంపు తేవడం వారి నేర్పు. అదే పనికి పట్టీని ఎర్రగా కాల్చితే ఉక్కుకు తయారీలో పెట్టిన టెంపర్ పోయి, కొన్నాళ్లకే మళ్లీ కుంగుతుంది. కొందరు అదనంగా ఒక పట్టీ కలుపుతారు. సమాన మందం గల అయిదు పట్టీల కట్టకు ఆరోది చేర్చితే బిగువు అయిదో వంతు పెరుగుతుంది, భారానికి 120 మి.మీ. వంగే కట్ట 100 వంగుతుంది, ఎత్తు 20 మి.మీ. కలిసొస్తుంది. కాని ఆ ఎత్తుకు ధర ప్రతి గుంతలోనూ చెల్లించాలి. కమాను కొసను చట్రానికి కలిపే షాకల్ అనే ముక్కను పొడవైనది వేసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: షాకల్ ఎంత పొడవు పెంచితే ఇరుసు దగ్గర అందులో సగమే లాభం, పైగా ఇరుసు కోణం మారి, ఇంజను శక్తిని వెనక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లకు బాధ. వెనక టైరు ఒకే పక్క ఒరుసుకుంటుంటే ఎత్తు సంగతి తర్వాత, ముందు పట్టీలను కలిపి ఇరుసు మీద నిలిపే సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగిందేమో చూడాలి.

ఇక టైరు. అంబాసిడర్‌కు మొదట వచ్చిన కొలత 5.90-15, అంటే వెడల్పు సుమారు 150 మి.మీ. మా కారుకు ఎప్పుడో 205/70 ఆర్ 15 టైర్లు (205 మి.మీ. వెడల్పు, అందులో 70 శాతం పక్క గోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము) వేశారు. రిమ్ము మధ్యరేఖ మారకపోతే ఒక్కో పక్కకు 27 మి.మీ.కు పైగా అదనం. ఈ టైరు వ్యాసం 668 మి.మీ., తర్వాత మేము వేయించిన 165/80 ఆర్ 15 వ్యాసం 645. పెద్ద టైరు వేస్తే కారు నేల నుంచి 11 మి.మీ. పైకి లేచి ఎత్తుగా కనబడుతుంది, అదే సమయంలో మడ్‌గార్డు కింద ఖాళీ అంతే తగ్గుతుంది. మా కారులో కుంగుబాటు అన్నేళ్లు ఎవరి కంటా పడకపోవడానికి ఇదే కారణం, నేల నుంచి కొలిచినవారందరికీ ఎత్తు సరిగానే కనిపించింది. 

చివరికి 165/80 టైర్లు వేయించి, ఎడమ టోర్షన్ బార్‌ను తిప్పి బిగించి, రెండు పక్కలనూ 4 మి.మీ. తేడాలోకి తెచ్చాము. ఆర్ముల రబ్బరు బుష్‌ల నట్లను కారు చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాము. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి తానే చిన్న స్ప్రింగులా కారును ఎత్తి పట్టుకుంటుంది, కొద్ది నెలల్లో చిరిగిపోతుంది. ఎత్తు మారితే చక్రాల వాలు, ముందు చక్రాల మొగ్గు రెండూ మారతాయి గనుక అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల దిశ సరిచేయించాము. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిస్తే ఎడమ పక్క 3 మి.మీ. దిగింది. సుద్ద పూసి సుంకి ఘాట్ మళ్లీ దిగాము. సాలూరు చేరి టార్చిలైటు వేసి చూస్తే పూసిన సుద్ద ఎక్కడా చెరగలేదు.