పెరట్లో గోల్ఫ్ గది: అపోహలు, వాస్తవాలు

కిందటి శీతాకాలం ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊరి దగ్గర ఒకరింటికి వెళ్లాను. పెరట్లో అప్పటికే గార్డెన్ రూమ్ ఉంది. వేరే కాంట్రాక్టర్ కట్టాడు. గోడలు నీటుగా ఉన్నాయి, నేల నీటుగా ఉంది. తలెత్తి చూస్తే సీలింగ్‌లో మూడు నెలవంకలు. డ్రైవర్, అంటే గోల్ఫ్‌లో అన్నిటికంటే పొడవాటి కర్ర, దాని తల తగిలి ప్లాస్టర్‌బోర్డు చిట్లిన గుర్తులవి. ఇంటాయన మనవాడే, గుంటూరు. "డ్రైవర్ కొట్టాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలండీ" అని నవ్వాడు. వాళ్లావిడ నవ్వలేదు.

ఇంగ్లండ్‌లో గార్డెన్ రూములు కట్టడం నా పని. గోల్ఫ్ సిమ్యులేటర్ (గదిలోనే నిజం బంతిని స్క్రీన్ మీదికి కొట్టి ఆడే ఏర్పాటు) పెట్టుకుంటామని వచ్చేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు, మన తెలుగు కుటుంబాలూ వస్తున్నాయి. అందరి నోటా దాదాపు ఇవే మాటలు. కింద చెప్పే రూల్సన్నీ ఇంగ్లండ్‌వి, వేల్స్‌లో, స్కాట్లండ్‌లో వేరుగా ఉంటాయి.

అపోహ: గది అన్నాక ఎత్తు సరిపోకుండా పోతుందా?

మనకి ఊళ్లో స్లాబ్ అంటే పదడుగులు. ఆ లెక్క మనసులోంచి పోదు. ఇక్కడ ఇళ్లలోనే సీలింగ్ 2.4 మీటర్లు, ఎనిమిది అడుగులు కూడా నిండవు. పెరట్లో ఇంకా తక్కువ. గదిలో ఏ మూలైనా ఫెన్స్‌కి 2 మీటర్ల లోపు వస్తే, ప్లానింగ్ పర్మిషన్ (స్థానిక కౌన్సిల్ ఇచ్చే అనుమతి) లేకుండా గది మొత్తం ఎత్తు 2.5 మీటర్లు దాటకూడదు. అదీ బయటి ఎత్తు. నేల కింద ఖాళీ, ఇన్సులేషన్, ఫ్లోరింగ్ కలిపి ఓ 20 సెంటీమీటర్లు తీసేయండి. పైకప్పు దూలాలకీ ఇన్సులేషన్‌కీ ఇంకో 20 తీసేయండి. లోపల మిగిలేది 2.1 మీటర్లు. హిట్టింగ్ మ్యాట్ ఎక్కి నిలబడగానే మరో మూడు నాలుగు సెంటీమీటర్లు పోతాయి. ఈ మ్యాట్ మందం లెక్కలో వేసుకున్నవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

మామూలు డ్రైవర్ పొడవు 45 అంగుళాల పైమాటే. ఆరడుగుల మనిషి ఊపితే దాని తల తొమ్మిదడుగుల ఎత్తు దాకా పోతుంది. అందుకే సీలింగ్ 2.8 మీటర్లకి తగ్గితే నేను ఒప్పుకోను, 3 మీటర్లుంటే నిశ్చింత.

సైటుకి వెళ్లగానే నేను టేపు తీయను, డ్రైవర్ తెమ్మంటాను. గడ్డి మీద మ్యాట్ వేసి ఆయన్ని నిలబెట్టి, వెనక ఒక పొడవాటి కర్ర పాతుతాను. దాని మీద పది సెంటీమీటర్లకొకటి ఎర్రటేపు చుట్టి ఉంటుంది. ముందు నెమ్మదిగా ఊపమంటాను, తర్వాత నిజంగా కొట్టమంటాను. ఫోన్‌లో స్లో మోషన్ తీసి ఇద్దరం కలిసి చూస్తాం. నెమ్మదిగా ఊపినప్పుడు అందిన గీత ఒకటి, గట్టిగా కొట్టినప్పుడు అందినది ఇంకొకటి. పై గీతకి కనీసం 15 సెంటీమీటర్లు కలుపుతాను. ఎందుకంటే డ్రైవర్ సీలింగ్‌కి తగలకపోయినా తగులుతుందేమో అన్న టెన్షన్ ఒక్కటి చాలు. మనిషి తనకి తెలియకుండానే భుజాలు ముడుచుకుంటాడు. లక్షలు పోసి పాడు స్వింగ్ నేర్చుకున్నట్టవుతుంది.

అపోహ: నేను పొట్టిగా ఉంటాను కాబట్టి నాకు ఇబ్బంది లేదు

చేతులు నిటారుగా పైకి తీసుకెళ్లే అయిదున్నర అడుగుల మనిషికి, చుట్టూ తిప్పి కొట్టే ఆరడుగుల మనిషి కంటే ఎక్కువ ఎత్తు పట్టడం నేను కళ్లారా చూశాను. పైగా గది మీ ఒక్కరిదే కాదు. పన్నెండేళ్ల కొడుకు నాలుగేళ్లలో మిమ్మల్ని దాటేస్తాడు.

అపోహ: ఎత్తు కావాలంటే ప్లానింగ్ పర్మిషన్ తప్పదు, అదొచ్చేసరికి ఏడాది

రెండూ తప్పే. పర్మిషన్ లేకుండా ఒక దారి ఉంది. ఫెన్స్‌కి అన్ని వైపులా 2 మీటర్లు వదిలి, మన పెంకుటిళ్లలా రెండు వైపులా వాలున్న కప్పు వేస్తే, చూరు 2.5 మీటర్లు, నడికొప్పు 4 మీటర్ల దాకా పోవచ్చు. సీలింగ్ అడ్డంగా కొట్టకుండా కప్పు వాలు వెంటే వదిలేయాలి. అప్పుడు పనికొచ్చే ఎత్తంతా లోపలే దొరుకుతుంది. కాకపోతే గోడలు బయటికి తన్నకుండా మామూలుగా వేసే అడ్డ దూలాలు ఇక్కడ వేయడానికి లేదు, డ్రైవర్ సరిగ్గా వాటికే తగులుతుంది. నడికొప్పు కింద గట్టి దూలం, తరచుగా స్టీలుది, ఇంజనీరు చేత లెక్క కట్టించి పెట్టాలి.

నడికొప్పు ఎటు సాగాలన్నది కూడా ముఖ్యమే. అది స్క్రీన్ వైపుకే సాగాలి. ఆడేటప్పుడు డ్రైవర్ తల పైకి లేచేది బంతి వెళ్లే దారి వెంట, వెనక ఒకసారి, ముందు ఒకసారి. నడికొప్పు అడ్డంగా పెడితే ఆ రెండు చోట్లా వాలు కప్పు కిందికి దిగి ఉంటుంది. ఇది డ్రాయింగ్‌లో ఒక్క గీత తిప్పితే అయిపోయే పని, కట్టాక చేసేదేమీ లేదు.

రెండో దారి నేల తవ్వి లోతు చేయడం. ఎత్తుని గదిని ఆనుకున్న సహజమైన నేల నుంచి కొలుస్తారు, అదీ పెరడు ఏటవాలుగా ఉంటే అందులో ఎత్తైన వైపు నుంచి. కాబట్టి లోపలి నేల ఓ 40 సెంటీమీటర్లు దించితే ఆ మేర లాభం. కాగితం మీద బాగుంటుంది గానీ, లండన్ చుట్టుపక్కల బంకమట్టి, చలికాలం నీళ్లు ఊరే నేల చూసినవాడిగా నాకిది అంతగా నచ్చదు. చెమ్మ రాకుండా కట్టుదిట్టం చేయాలి, నీళ్లు పోయే దారి చూడాలి. పక్కింటి గోడకి 3 మీటర్ల లోపు వాళ్ల పునాది కంటే లోతుగా తవ్వితే 1996 నాటి పార్టీ వాల్ చట్టం ప్రకారం ముందుగా నోటీసు ఇవ్వాలి.

మూడోది, తిన్నగా కౌన్సిల్‌కి అప్లికేషన్ పెట్టడం. ఇంటివాళ్ల అప్లికేషన్‌కి నిర్ణయం చెప్పాల్సిన గడువు మామూలుగా 8 వారాలు. చిన్న పెరడున్నవాళ్లకి నేను చెప్పేది ఇదే. చుట్టూ 2 మీటర్లు వదిలి గది నడిమధ్యలో కడితే పిల్లలు ఆడుకునే గడ్డి మిగలదు. చుట్టూ మిగిలిన సందుల్లో నాచు తప్ప ఏదీ పెరగదు.

అపోహ: స్క్రీన్ పట్టేంత వెడల్పుంటే చాలు

బంతి నుంచి స్క్రీన్‌కి సుమారు 3 మీటర్లు ఉండాలి. అంతకంటే బాగా దగ్గరైతే బంతి తిరిగొచ్చి మోకాలికి తగులుతుంది. మామూలు ఆటగాడి డ్రైవర్ దెబ్బకే బంతి గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది. బరువు 46 గ్రాములే అయినా ఆ వేగంతో తగిలితే తెలుస్తుంది. స్క్రీన్ వెనక గోడకి కనీసం 30 సెంటీమీటర్లు వదలాలి, స్క్రీన్‌ని డప్పులా బిగించి కట్టకూడదు.

బంతి వెనక ఎంత వదలాలన్నది మీరు కొనే లాంచ్ మానిటర్‌ని (కొట్టిన బంతి వేగం, దిశ కొలిచే పరికరం) బట్టి. రాడార్ రకం ఆటగాడి వెనక రెండు మీటర్ల పైచిలుకు దూరంలో కూర్చుంటుంది. బంతి ఎగరడం చూడడానికి దానికి ముందు కూడా చోటు కావాలి. కెమెరా రకం బంతి పక్కనే ఉంటుంది. సీలింగ్‌కి బిగించే రకానికి దాదాపు 3 మీటర్ల ఎత్తు అడుగుతారు. అందుకే మానిటర్ మోడల్ తేల్చుకున్నాకే నేను గీత గీస్తాను. పొడవు మొత్తం 5.5 నుంచి 6 మీటర్లు, వెడల్పు 4.5 అనుకోండి. ఇంట్లో ఎడమచేతి వాటం వాళ్లుంటే వెడల్పు అస్సలు తగ్గించొద్దు.

అపోహ: 30 చదరపు మీటర్ల లోపు గదికి బిల్డింగ్ రెగ్యులేషన్స్ వర్తించవు

ఇవి ప్లానింగ్ పర్మిషన్‌కి వేరు, కట్టడం భద్రంగా ఉండాలని పెట్టిన రూల్స్. పడుకునే ఏర్పాటు లేకపోతే 15 చదరపు మీటర్ల దాకా ఆ మాట నిజమే. 15 నుంచి 30 మధ్యలో మాత్రం ఫెన్స్‌కి కనీసం మీటరు దూరంగా ఉండాలి, లేదా చాలావరకు మంటలంటుకోని సామాన్లతో కట్టి ఉండాలి. పైన చెప్పిన కొలతలతో మీ గది 27 దాకా వస్తుంది, అంటే సరిగ్గా ఇందులోనే. ఫెన్స్‌కి ఆనించి అందమైన సెడార్ చెక్క గోడలు కావాలంటే ఇక్కడే చిక్కు. ఇక కరెంటుకి కొత్త సర్క్యూట్ లాగితే ఆ పని ఎలాగూ బిల్డింగ్ రెగ్యులేషన్స్ కిందికే వస్తుంది. హీటరు, ప్రొజెక్టరు, గేమింగ్ కంప్యూటరు కలిపి వంటింట్లోంచి ఎక్స్‌టెన్షన్ వైరు మీద నడిపేవాళ్లని చూశాను. దయచేసి వద్దు. ఆర్మర్డ్ కేబుల్ కోసం కందకం తవ్వినప్పుడే ఇంటర్నెట్ కేబుల్‌కీ విడిగా ఒక పైపు వేయించుకోండి.

అపోహ: ముందంతా గాజు తలుపులు పెడితే గది అందమే వేరు

బ్రోషర్‌లో అందమే. వెలుతురు పడితే ప్రొజెక్టర్ బొమ్మ వెలిసిపోతుంది, ఎండ నేరుగా పడితే కెమెరా మానిటర్లు తికమకపడతాయి. పైగా షాంక్ కొట్టారంటే, అంటే బంతి కర్ర తలకి కాక దాని మెడకి తగిలిందంటే, అది దాదాపు నలభై అయిదు డిగ్రీల పక్కకి పోతుంది. తలుపు ఆటగాడి వెనక పెట్టి, పక్క గోడలకి వలలు వేలాడదీయాలి.

ప్రొజెక్టర్ విషయంలో నా తప్పూ ఒకటుంది. మొదట్లో ఒక గదిలో దాన్ని సరిగ్గా బంతి నెత్తిన వేలాడదీశాను. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. రెండో వారంలో దాని బ్రాకెట్ వంగిపోయిందని ఫోనొచ్చింది. నా ఖర్చుతో ముందుకి జరిపాను.

అపోహ: ఆడుకునే గదికి ఇన్సులేషన్ దండగ

ఈ గది వాడేది ఏ నెలల్లో? నవంబరు నుంచి మార్చి దాకా. ఆ చలిలో హీటర్ వేసి ఆపేస్తే చల్లటి గోడల మీద తేమ పేరుకుని స్క్రీన్‌కి బూజు పడుతుంది. ఎలక్ట్రానిక్స్ సంగతి మీరే ఊహించుకోండి.

అపోహ: ఖాళీగా ఉన్నప్పుడు గంటకింత అని అద్దెకిస్తే ఖర్చు తిరిగొస్తుంది

పర్మిషన్ లేకుండా కట్టుకునే హక్కు ఇంటివాళ్ల సొంత సరదాకి. డబ్బు తీసుకుని కోచింగ్ ఇస్తే, బయటివాళ్లు కార్లేసుకుని వస్తుంటే, కౌన్సిల్ దాన్ని వ్యాపారం కిందే చూడొచ్చు. పక్కింటివాళ్లకి కార్ల కంటే ముందు వినపడేది స్క్రీన్‌కి బంతి తగిలే ఢబ్ ఢబ్ అనే చప్పుడు. రాత్రి తొమ్మిది తర్వాత అది తలగడ దాకా వెళ్తుంది.

రెడింగ్ గదికి ఇప్పుడు పర్మిషన్ కోసం అప్లికేషన్ పెట్టాం. గోడలు అలాగే ఉంచి, కప్పు మాత్రం విప్పి వాలుగా పైకి లేపాలి. ఫెన్స్‌కి మీటరున్నర దూరమే ఉంది కాబట్టి వేరే దారి లేదు. కౌన్సిల్ జవాబు వచ్చేదాకా ఆయన డ్రైవర్ కంటే పొట్టిదైన సెవెన్ ఐరన్ కర్రతోనే సరిపెట్టుకుంటున్నాడు, మిగతా సమయంలో పిల్లలు అక్కడ క్యారమ్స్ ఆడుతున్నారు. నెలవంకలకి మాత్రం ఇంకా రంగు వేయించలేదు.