ఒక నిష్పత్తి నుంచి ఇంకొకటి: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో పదో తరగతి, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. త్రికోణమితి రాగానే వాళ్లకు పట్టుకునే టెన్షన్ చాలావరకు ఈ అపోహల వల్లే.

అపోహ: సైన్ నుంచి కాస్ కావాలంటే ముందు కోణం ఎంతో తెలియాలి.

వాస్తవం: అక్కర్లేదు. లంబకోణ త్రిభుజంలో ఒక కోణానికి (దాన్ని థీటా అందాం) సైన్ అంటే ఎదుటి భుజం/కర్ణం, కాస్ అంటే పక్కనున్న ఆసన్న భుజం/కర్ణం, టాన్ అంటే ఎదుటి భుజం/ఆసన్న భుజం. టాన్ థీటా 8/15 అనుకోండి. లంబకోణ త్రిభుజం గీసి ఎదుటి భుజం 8, ఆసన్న భుజం 15 అని రాయండి. 64, 225 కలిపితే 289, కాబట్టి కర్ణం 17. సైన్ 8/17, కాస్ 15/17. కోణం 28 డిగ్రీలకు కాస్త పైన ఉంటుంది కానీ దాన్ని మనం ఎక్కడా వాడలేదు.

దీన్ని ఎండలో నిలబడి చూడొచ్చు. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మార్చి 21 ప్రాంతంలో మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి, నీడ బాగా పొట్టిగా ఉన్నప్పుడు కొలవండి. సుమారు 32 సెంటీమీటర్లు వస్తుంది. అంటే కర్ర పైకొన దగ్గరి కోణానికి టాన్ 32/100. పైకొన నుంచి నీడ చివరికి దారం లాగితే 105 సెంటీమీటర్లు. సైన్ 32/105, కాస్ 100/105. టేపు చాలు, కోణమానినితో పని లేదు. ప్రతి బడిలో ఇది ఒక్కసారైనా చేయించాలి.

అపోహ: సైన్ 3/5 అంటే ఎదుటి భుజం 3 సెంటీమీటర్లు, కర్ణం 5 సెంటీమీటర్లు.

వాస్తవం: 6, 10 కావచ్చు. 30, 50 కూడా కావచ్చు.

అపోహ: సైన్ 3/5 అయితే కాస్ 2/5, రెండూ కలిపితే 1 కదా.

వాస్తవం: కలిపితే 1 అయ్యేది వాటి వర్గాలు. 1 నుంచి 9/25 తీసేస్తే 16/25, దాని వర్గమూలం 4/5. పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనిపించేది ఈ తప్పే. బొమ్మ గీసిన పిల్లలు ఇందులో పడరు, మూడో భుజం 4 అని కళ్లముందే ఉంటుంది. అందుకే సూత్రం కంటే ముందు త్రిభుజం గీయమంటాను.

అపోహ: ఇంటర్‌లో కూడా ఇంతే.

వాస్తవం: అంకె ఇట్లాగే వస్తుంది, ప్లస్సా మైనస్సా అన్నది త్రిభుజం చెప్పదు. పదిలో అల్పకోణాలే (90 డిగ్రీల లోపువి) కాబట్టి ఆ ప్రశ్నే రాదు. ఇంటర్‌లో సైన్ థీటా 4/5, థీటా మొదటి పాదంలో (0 నుంచి 90 డిగ్రీల మధ్య) లేదు అంటే? సైన్ ధనాత్మకంగా ఉండేది ఒకటి, రెండు పాదాల్లోనే, కాబట్టి ఇది రెండో పాదం (90 నుంచి 180 డిగ్రీల మధ్య). కాస్ -3/5, టాన్ -4/3. పాదం గురించి ప్రశ్నలో ఏమీ ఇవ్వకపోతే కాస్‌కు 3/5, -3/5 రెండూ రాయాలి.