పిల్లలకు ఉత్తరం: స్టైల్ మాట విననప్పుడు

తిరుపతి

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

మే నెలలో గంగమ్మ జాతర కరపత్రాలు, పెళ్లి ముహూర్తాలు పడితే శుభలేఖలు, వినాయక చవితికి కాణిపాకం ఉత్సవాల పోస్టర్లు, ఆ వెంటనే తిరుమల బ్రహ్మోత్సవాల బ్రోచర్లు. మన వైపు డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుపేజీలు కూర్చడం, నేర్చుకునేవాళ్లకు చేతినిండా పనే. ఆ హడావుడిలో పాత టెంప్లేట్ తెరిచి, పేర్లూ తేదీలూ మార్చి ప్రెస్సుకు పంపడం మామూలు. సరిగ్గా అప్పుడే స్టైల్, అంటే ఫాంట్, సైజు, రంగు కలిపి ఒక పేరుతో దాచుకున్న రూపం, మాట వినదు. సైజు పెంచితే సగం పేరాలు పెరుగుతాయి, సగం కదలవు. కొత్త బాక్స్ గీసి టైప్ చేస్తే అక్షరాలు ఎర్రగా, బోల్డ్‌గా పడతాయి. నిన్న చక్కగా కనిపించిన తెలుగు ఈరోజు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలై కూర్చుంటుంది.

అప్పుడు మౌస్‌తో సెలెక్ట్ చేసి, తప్పు కనిపించిన చోటల్లా చేత్తో దిద్దుతూ పోవద్దు. ఆ రూపం ఎక్కడి నుంచి వస్తోందో ముందు కనుక్కోండి. అది ఆ అక్షరాల మీదే ఉండొచ్చు, స్టైల్‌లో ఉండొచ్చు, డాక్యుమెంట్ డీఫాల్ట్‌లో, అంటే ఏమీ ఎంచుకోకపోతే దానంతట అదే వచ్చే రూపంలో, ఉండొచ్చు, లేదా ఆ కంప్యూటర్‌లో ఫాంట్ లేకపోవచ్చు. కనుక్కోవడానికి రెండు నిమిషాలు చాలు. అదే ఫైల్‌లో ఖాళీ బాక్స్ గీసి, నాలుగు మాటలు టైప్ చేసి, ఆ స్టైల్ ఇవ్వండి. బాగా వస్తే తప్పు పాత అక్షరాల మీద ఉంది. ఇక్కడా చెడితే స్టైల్‌లో ఉంది. ఏ స్టైలూ ఇవ్వకముందే చెడిపోయి వస్తే డీఫాల్ట్‌లో ఉంది. కొత్త డాక్యుమెంట్ తెరిచినా అలాగే ఉంటే అది ఈ ఫైల్ గొడవ కాదు, ప్రోగ్రామ్ సెట్టింగే చెడింది.

ముందు పేజీలు కూర్చే ప్రోగ్రామ్ ఇన్‌డిజైన్ సంగతి చూద్దాం. ఎఫ్11 నొక్కితే పారాగ్రాఫ్ స్టైల్స్ ప్యానెల్ వస్తుంది. కర్సర్ పేరాలో పెట్టినప్పుడు స్టైల్ పేరు పక్కన ప్లస్ గుర్తు కనిపిస్తే, ఆ పేరా మీద ఎవరో చేత్తో మార్పు చేశారన్నమాట. దాన్నే ఓవర్‌రైడ్ అంటారు. మౌస్‌ను ఆ పేరు మీద కాసేపు ఉంచితే ఏం మారిందో చిన్న పెట్టెలో చూపిస్తుంది. స్టైల్‌లో సైజు 12 నుంచి 13 చేసినా ఆ పేరా కదలలేదంటే కారణం ఇదే: చేత్తో పెట్టిన 12 ఇంకా దాని మీద ఉంది. కొత్త వెర్షన్లలో ప్యానెల్ పైభాగంలో ప్లస్ గుర్తుతో చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కితే ఓవర్‌రైడ్ ఉన్న చోటల్లా రంగు పడి కనిపిస్తుంది. పాత టెంప్లేట్ తెరవగానే మొదట ఆ బటన్ నొక్కి చూడండి.

ఓవర్‌రైడ్ తీయడానికి పేరా సెలెక్ట్ చేసి, ఆల్ట్ పట్టుకుని స్టైల్ పేరు నొక్కాలి. ఆల్ట్‌తో పాటు షిఫ్ట్ కూడా పట్టుకుంటే క్యారెక్టర్ స్టైళ్లు, అంటే పేరాలో కొన్ని అక్షరాలకే ఇచ్చిన స్టైళ్లు, కూడా ఊడిపోతాయి. ఈ రెంటికీ తేడా తెలియక ఎన్నో పత్రికలు చెడిపోతాయి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

మన ప్రెస్సుల్లో ఇప్పటికీ చాలా మ్యాటర్ అను ఫాంట్లలాంటి పాత ఫాంట్లలో ఉంటుంది. అవి యూనికోడ్, అంటే తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లున్న పద్ధతి, కావు. ఫైల్ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. ఫాంట్ వాటి మీద తెలుగు ముక్కల బొమ్మలు వేసి చూపిస్తుంది. ఇప్పుడొక శుభలేఖ ఊహించుకోండి. మ్యాటర్ అంతా అలాంటి ఫాంట్‌లో ఉంది, చివరన ఈమెయిల్ మాత్రం ఇంగ్లీషు ఫాంట్‌లో ఉంది. ఆ ఇంగ్లీషు ఫాంట్ చేత్తో పెట్టింది కాబట్టి అదీ ఓవర్‌రైడే. మీరు మొత్తం సెలెక్ట్ చేసి ఓవర్‌రైడ్లు తీసేశారు. ఈమెయిల్ మీద తెలుగు ఫాంట్ వచ్చి పడింది, చదవరాని తెలుగు ముక్కలు మిగిలాయి. ప్రూఫ్ చూసేవాళ్లు పేర్లూ ముహూర్తమూ చూస్తారు గానీ కింది వరుస దాకా రారు. వెయ్యి కాపీలు అచ్చయ్యాకే అది బయటపడుతుంది.

అందుకని తుడిచే ముందు ఇంగ్లీషును కాపాడుకోవాలి. షిఫ్ట్ ఎఫ్11 నొక్కి క్యారెక్టర్ స్టైల్స్‌లో "ఇంగ్లీష్" అని ఒక స్టైల్ చేయండి. అందులో ఫాంట్ మాత్రమే పెట్టండి, సైజూ రంగూ ఖాళీగా వదిలేయండి. అప్పుడు అవి పేరా నుంచి వాటంతట అవే వస్తాయి, పేరా సైజు మారితే ఈమెయిల్ కూడా మారుతుంది. తరువాత కంట్రోల్ ఎఫ్ నొక్కి, ఫైండ్ ఫార్మాట్‌లో ఆ ఇంగ్లీషు ఫాంట్, చేంజ్ ఫార్మాట్‌లో "ఇంగ్లీష్" క్యారెక్టర్ స్టైల్ పెట్టండి. వెతికే మాట ఉండే గళ్లు ఖాళీగా ఉంచి చేంజ్ ఆల్ నొక్కండి. ఇప్పుడు ఆల్ట్ ఒక్కటే పట్టుకుని స్టైల్ పేరు నొక్కితే చేతి మార్పులు పోతాయి, ఇంగ్లీషు నిలుస్తుంది. ఇదంతా ఫైల్‌ను వేరే పేరుతో సేవ్ చేసుకున్నాకే చేయండి.

ప్లస్ గుర్తు లేకపోయినా పేరా మాట వినకపోతే బేస్డ్ ఆన్ చూడాలి. స్టైల్ పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే జనరల్ పేజీలోనే అది ఏ స్టైల్ మీద ఆధారపడిందో ఉంటుంది. కింద స్టైల్ సెట్టింగ్స్ అనే చోట, తల్లి స్టైల్ కంటే వేరుగా ఈ పిల్ల స్టైల్ ఏమేం పెట్టుకుందో రాసి ఉంటుంది. అక్కడ సైజు రాసి ఉంటే, తల్లి స్టైల్‌లో మీరు సైజు ఎంత మార్చినా ఇది మారదు. రీసెట్ టు బేస్ నొక్కితే వేరుగా ఉన్నవన్నీ పోయి తల్లిలాగే అవుతుంది. ఒక్క సైజు కోసం అది నొక్కితే రంగు, ఇండెంట్ కూడా పోతాయి, జాగ్రత్త.

మీ స్టైళ్లు వేటినీ బేసిక్ పారాగ్రాఫ్ మీద ఆధారపరచవద్దు. ఆ స్టైల్ ప్రతి డాక్యుమెంట్‌లోనూ ఉంటుంది, తీసేయడానికి వీల్లేదు, కానీ ఒక్కో ఫైల్‌లో ఒక్కో రకంగా మార్చి ఉండొచ్చు. ఒక ఫైల్ నుంచి కాపీ చేసి ఇంకో ఫైల్‌లో పేస్ట్ చేసినప్పుడు, రెండు చోట్లా ఒకే పేరున్న స్టైల్ ఉంటే, పేస్ట్ చేసిన ఫైల్‌లోని స్టైలే గెలుస్తుంది. నిన్నటి మ్యాటర్ ఈరోజు ఫైల్‌లోకి రాగానే రూపం మారిపోవడం అలా జరుగుతుంది. "మూలం" అని సొంతంగా ఒక స్టైల్ చేసి, దాని బేస్డ్ ఆన్ దగ్గర నో పారాగ్రాఫ్ స్టైల్ పెట్టి, మిగతావన్నీ ఆ మూలం మీద కట్టండి. ఆ పేరు ముందు మీ సెంటర్ గుర్తుగా రెండక్షరాలు చేరిస్తే వేరే ఫైల్‌లోని స్టైల్‌తో కలవదు.

కొత్త బాక్స్‌లో అక్షరాలు ఎర్రగా వస్తున్నాయంటే, ఏమీ సెలెక్ట్ చేయకుండా ఎవరో ఒక స్టైల్ మీదో రంగు మీదో నొక్కారు. అప్పుడది ఆ డాక్యుమెంట్ డీఫాల్ట్ అయిపోతుంది. కంట్రోల్ షిఫ్ట్ ఎ నొక్కి అన్నీ వదిలేసి, పారాగ్రాఫ్ స్టైల్స్‌లో బేసిక్ పారాగ్రాఫ్, క్యారెక్టర్ స్టైల్స్‌లో నన్ ఎంచుకోండి. ప్లస్ కనిపిస్తే ఆల్ట్‌తో నొక్కండి. ప్రతి కొత్త ఫైల్‌లోనూ ఇదే జరుగుతుంటే, ఫైళ్లన్నీ మూసేసి, ఏ డాక్యుమెంటూ తెరిచి లేనప్పుడు అదే పని చేయాలి.

టెంప్లేట్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. టెంప్లేట్‌లో స్టైల్ మార్చితే దాని నుంచి ఇదివరకు చేసిన ఫైళ్లు మారవు. ఫైల్ పుట్టిన క్షణంతోనే ఆ బంధం తెగిపోతుంది. పాత ఫైల్‌కు కొత్త స్టైళ్లు కావాలంటే పారాగ్రాఫ్ స్టైల్స్ ప్యానెల్ మెనూలో లోడ్ ఆల్ టెక్స్ట్ స్టైల్స్ నొక్కి టెంప్లేట్‌ను చూపించాలి. ఒకే పేరున్న చోట ఇన్‌కమింగ్ డెఫినిషన్ అంటే వచ్చేది గెలుస్తుంది. ఆటో రీనేమ్ అంటే రెండూ మిగిలి గందరగోళం పెరుగుతుంది. ఇక టెంప్లేటే చెడిపోయిందంటే, ఓపెన్ డైలాగ్‌లో ఒరిజినల్ ఎంచుకుని ఎవరో దాన్నే తెరిచి సేవ్ చేసి ఉంటారు. అక్కడ నార్మల్ ఉంటే పేరులేని కొత్త ఫైల్ తెరుచుకుంటుంది, టెంప్లేట్ భద్రంగా ఉంటుంది.

వర్డ్ నుంచి మ్యాటర్ తెచ్చేటప్పుడు ప్లేస్ డైలాగ్‌లో షో ఇంపోర్ట్ ఆప్షన్స్ టిక్ పెట్టి, స్టైళ్లూ ఫార్మాటింగూ తీసేయమనండి. లేకపోతే వర్డ్ స్టైళ్లన్నీ వచ్చి చేరతాయి. పేరు పక్కన చిన్న ఫ్లాపీ బొమ్మ ఉన్నవి అలా వచ్చినవే.

తెలుగుకే ఉన్న చిక్కులు వేరు. పాత ఫాంట్లతో పనిచేసేటప్పుడు ఆటోకరెక్ట్, వాక్యం మొదటి అక్షరం పెద్దది చేయడం, తిన్నని కొటేషన్లను వంకర కొటేషన్లుగా మార్చడం, ఆల్ క్యాప్స్, ఇంగ్లీషు హైఫనేషన్, ఇవన్నీ ఆపేయాలి. లోపల ఉన్నవి ఇంగ్లీషు కోడ్‌లే కాబట్టి చిన్న అక్షరం పెద్దదయితే ఒక తెలుగు అక్షరం పోయి ఇంకోటి వస్తుంది. వరుస చివర హైఫన్ పడితే అక్కడ ఏదో గుణింతపు ముక్క కనిపిస్తుంది. స్టైల్‌లో లాంగ్వేజ్ దగ్గర నో లాంగ్వేజ్ పెడితే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. పాత ఫాంట్ మ్యాటర్‌కు స్టైల్‌లో మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్ ఇస్తే తెలుగు రాదు, ఇంగ్లీషు చెత్త వస్తుంది. ముందు కన్వర్టర్‌తో మ్యాటర్‌నే యూనికోడ్‌లోకి మార్చాలి.

యూనికోడ్‌లో వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఫాంట్‌ను తిట్టకండి, అక్షరాలను వరుసల్లో కూర్చే కంపోజర్ చూడండి. 2012లో వచ్చిన సీఎస్6 నుంచి ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులకు వరల్డ్ రెడీ కంపోజర్ ఉంది. పారాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ పేజీకి వెళ్లి కంపోజర్ దగ్గర అది ఎంచుకోవాలి. మీ మూలం స్టైల్‌లో పెడితే దాని పిల్లలన్నింటికీ వస్తుంది.

లీడింగ్, అంటే వరుసకూ వరుసకూ మధ్య దూరం, ఆటోలో వదిలేయవద్దు. ఆటో అంటే అక్షరం సైజుకు 120 శాతం. ఇంగ్లీషుకు అది చాలు గానీ, మనకు పైన గుడులూ కింద వత్తులూ ఉన్నాయి. "స్త్రీ", "రాష్ట్ర" లాంటి మాటలు ఒక వరుసలో, "కీ", "ధీ" కింది వరుసలో పడితే రెండూ గుద్దుకుంటాయి. 12 పాయింట్ల అక్షరానికి 17 లేక 18 పాయింట్ల లీడింగ్ నేరుగా అంకె వేసి పెట్టండి. ఆటోలో ఇంకో చిక్కు కూడా ఉంది: వరుసలో ఒక్క అక్షరం పెద్ద సైజులో ఉన్నా ఆ వరుస అంతా కిందికి జరుగుతుంది. ఫాంట్ మార్చగానే బాక్స్‌లో మొదటి వరుస దిగిపోతే అది పారాగ్రాఫ్ స్టైల్ తప్పు కాదు. కంట్రోల్ బి నొక్కి బేస్‌లైన్ ఆప్షన్స్‌లో ఫస్ట్ బేస్‌లైన్‌ను అసెంట్ నుంచి లీడింగ్‌కు మార్చండి.

ఫ్లెక్స్ పని ఎక్కువగా కోరల్ డ్రా అనే డిజైన్ ప్రోగ్రామ్‌లో జరుగుతుంది కాబట్టి దాని గురించి కొంచెం. ఎక్స్6 వెర్షన్ నుంచి స్టైళ్లన్నీ కంట్రోల్ ఎఫ్5తో వచ్చే ఆబ్జెక్ట్ స్టైల్స్‌లో ఉంటాయి. ఏమీ సెలెక్ట్ చేయకుండా ఫాంట్ మారిస్తే, దేనికి డీఫాల్ట్ మార్చాలని ఒక డైలాగ్ అడుగుతుంది. చూడకుండా ఓకే కొట్టడంతోనే గొడవ మొదలవుతుంది. ఆ ఆబ్జెక్ట్ స్టైల్స్ ప్యానెల్‌లో డీఫాల్ట్ ఆబ్జెక్ట్ ప్రాపర్టీస్ కింద ఆర్టిస్టిక్ టెక్స్ట్ (విడి మాటలు), పారాగ్రాఫ్ టెక్స్ట్ (బాక్స్‌లోని మ్యాటర్) వేర్వేరుగా ఉంటాయి, రెండూ సరిచేయాలి. ఇది ఆ ఫైల్ వరకే పనిచేస్తుంది. కొత్త ఫైళ్లకూ కావాలంటే టూల్స్ మెనూలో సేవ్ సెట్టింగ్స్ యాజ్ డీఫాల్ట్ నొక్కండి. ఫైల్ తెరిచేటప్పుడు ఫాంట్ లేదని అడిగితే పర్మనెంట్ ఎంచుకోవద్దు. సేవ్ చేశారంటే అసలు ఫాంట్ పేరే ఫైల్ నుంచి పోతుంది. రద్దు చేసి, ఫాంట్ తెప్పించి వేసుకున్నాక తెరవండి. ప్రెస్సుకు పంపడానికి అక్షరాలను కర్వ్స్, అంటే గీతల బొమ్మలుగా, చేయాల్సి వస్తే కాపీలోనే చేయండి. కర్వ్స్ అయిన మాటకు స్టైల్ ఇచ్చినా ఫాంట్ మారదు.

ఇవన్నీ చూశాక కూడా ప్రతి కొత్త ఫైల్ చెడ్డగానే వస్తుంటే ప్రోగ్రామ్ సెట్టింగులను మొదటికి తేవాలి. కోరల్‌ను ఎఫ్8 నొక్కిపట్టి తెరవాలి. ఇన్‌డిజైన్‌ను తెరవగానే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి పట్టుకుంటే ప్రిఫరెన్సులు తీసేయమంటావా అని అడుగుతుంది. మీరు పెట్టుకున్న సెట్టింగులు పోతాయి కాబట్టి ముందు రాసి పెట్టుకోండి. ఇన్‌డిజైన్‌లో ఒక్క ఫైల్ మాత్రమే మొండికేస్తే ఐడీఎంఎల్ అనే ఇంకో రకం ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, దాన్ని తెరిచి కొత్త పేరుతో సేవ్ చేయండి. ఏళ్ల తరబడి కాపీల మీద కాపీలుగా వచ్చిన శుభలేఖ ఫైళ్లు చాలావరకు దీంతో కుదుటపడతాయి. తరువాత స్టైల్స్ ప్యానెల్ మెనూలో సెలెక్ట్ ఆల్ అన్‌యూజ్డ్ నొక్కి, వాడని స్టైళ్లను ఒకసారి చూసుకుని తీసేయండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న